కర్నల్ సి. కె. నాయుడు గారు: ఆటకు వెల

ప్రతి ఉగాది సంచికలోను ఒక మహనీయుని జీవితచరిత్ర వేయడం మన సంఘానికి ఆనవాయితీగా వస్తున్నది. కవులను గూర్చి, సంఘసంస్కర్తలను గూర్చి, దేశభక్తులను గూర్చి పెద్దలు ఇదివరకే చక్కగా వ్రాశారు. ఈ యేడు మేము ఒక క్రికెట్టు ఆటగాని గూర్చి వ్రాయదలచాము. ఆయన మన తెలుగువారు. మనలాగే తెలుగునేలకు దూరంగా, ఈ నాగపూరులోనే పుట్టి పెరిగినవారు. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. ఆటగాళ్ళు గడిస్తున్న కోట్లు న్యాయమా, అన్యాయమా అని నేడు ప్రతి ఇంటి అరుగు మీదా వాదం జరుగుతున్నది. ఆ వాదానికి దిగేముందు ఈయన జీవితం ఒకసారి తెలుసుకోవడం మంచిదని మాకు తోచింది.

2024 నవంబరులో జరిగిన ఐ.పి.ఎల్. వేలంలో లక్నో జట్టువారు రిషభ్ పంత్ అనే ఆటగానికి రు. 27 కోట్లు పలికారు. మేము రైల్వే గుమాస్తాలం గనుక అంకె కనబడితే లెక్క వేయకుండా ఉండలేము. ఏడవ వేతన సంఘం ప్రకారం సీనియర్ క్లర్కుకు తొలి మూలవేతనం నెలకు రు. 29,200. కరువు భత్యమూ, ఇంటద్దె భత్యమూ పక్కన పెట్టి ఈ జీతమే కూడబెడితే 27 కోట్లు కావడానికి 770 సంవత్సరాలు పడుతుంది. అనగా ఓరుగల్లులో గణపతిదేవ చక్రవర్తి ఏలుతున్నప్పుడు ఉద్యోగంలో చేరిన గుమాస్తా, ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా నేటిదాకా పనిచేస్తే, అప్పటికి అంత సొమ్ము చేతికి వస్తుందన్నమాట! ఈ లెక్క మా ఆఫీసులో చెప్పినప్పుడు కొందరు నవ్వారు, కొందరికి కోపం వచ్చింది. ఇక అసలు కథకు వస్తాము.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరం అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. పూర్వీకులు మచిలీపట్నం ప్రాంతంవారని చెబుతారు. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు ఇక్కడ పేరుమోసిన న్యాయవాది, గ్రామాలు గల భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదివి, న్యాయశాస్త్ర వృత్తి చేపట్టారు. అక్కడ ఆయనకు జగత్ప్రసిద్ధుడైన రంజిత్ సింహ్‌జీ సహాధ్యాయి. కాబట్టి ఇంట్లో క్రికెట్టు గాలి తండ్రి హయాములోనే వీచింది. చిన్ననాయుడుగారు హిస్లాప్ కాలేజియేట్ హైస్కూలులో చదువుకుంటూ ఆటలో పేరు తెచ్చుకున్నారు. సంపన్న కుటుంబం, ఉమ్మడి కాపురం. తిండికి లోటు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో క్రికెట్టు ఆడాలంటే ఇంట్లో ఆస్తి అయినా ఉండాలి, లేదా ఎవరైనా ప్రభువు చేరదీయాలి. రెండూ లేనివాడు ఎంత మొనగాడైనా వీధిలోనే ఆడుకుని, మీసాలు వచ్చాక ఏ మిల్లులోనో చేరిపోయేవాడు. అలా చేరిపోయినవారి పేర్లు ఏ పుస్తకంలోను లేవు.

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలో హిందూ జట్టు తరఫున యూరోపియనుల మీద ఆయన మొట్టమొదటి పెద్ద మాచ్ ఆడారు. జట్టు చాలా వికెట్లు పోగొట్టుకొని కష్టంలో ఉండగా లోపలికి వెళ్ళి, మొదటి కొద్ది బంతులూ నెమ్మదిగా ఆపి, పిమ్మట ఒక బంతిని సిక్సరుగా కొట్టి తన పరుగుల పద్దు తెరిచారు. దొరల జట్టు మీద ఒక నల్లకుర్రవాడు అలా కొట్టడం జనానికి కొత్త. అప్పటి నుంచి నాయుడుగారు బ్యాటు పట్టుకొని మెట్లు దిగుతున్నారంటే ఆఫీసుల నుంచి గుమాస్తాలు లేచి మైదానానికి పరుగెత్తేవారట. మా వృత్తివారి విషయం గనుక మేము దీనిని తేలికగానే నమ్ముతున్నాము.

ఆయన పేరు దేశమంతా మ్రోగిన రోజు 1926 డిసెంబరు 1వ తేది. గిల్లిగన్ దొర నాయకత్వాన ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చి బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో ఆడుతున్నది. నాయుడుగారు రెండు గంటలు తిరగకుండానే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు 11. ఒక బంతి జింఖానా కప్పు మీద పడింది. ఆ భవనంలోనికి భారతీయులను సభ్యులుగా రానివ్వని కాలమది. మనుషులు పోలేని చోటికి బంతి పోయింది! ఆ ఆట చూసిన మీదటనే భారత జట్టును కూడా టెస్టులకు తీసుకోవచ్చునన్న అభిప్రాయం ఎం.సి.సి. పెద్దలకు కుదిరిందని, ఆ వెంటనే 1928లో మన క్రికెట్టు బోర్డు ఏర్పడిందని చరిత్రకారులు చెబుతారు. ఇంత చేసినందుకు నాయుడుగారికి ముట్టినదేమిటి? ఎం.సి.సి.వారు ఒక వెండి బ్యాటు బహూకరించారు. అంతే.

మరి ఆయన ఇల్లు ఎలా గడిచింది? 1923లో ఇండోరు ప్రభువు మహారాజా తుకోజీరావు హోల్కరు ఆయనను పిలిపించి తన సంస్థాన సైన్యంలో కెప్టెను ఉద్యోగమిచ్చారు. తరువాత కర్నలు అయ్యారు. నాగపూరువారైన నాయుడుగారు ఇండోరువారైనది అలాగు. ఉద్యోగం సైన్యంలో, పని మైదానంలో. పాటియాలా, బరోడా వంటి ఇతర సంస్థానాల్లోను ఇదే పద్ధతి. ఆటగానికి ఏదో ఒక కొలువు చూపించేవారు. జీతం ఆటకు కాదు, హోదాకు అని పైకి చెప్పుకునేవారు. ఇంగ్లండులో ఈ భేదం మరీ కటువుగా ఉండేది. డబ్బు పుచ్చుకొని ఆడేవాడు ఒక ద్వారం గుండా, పుచ్చుకోని పెద్దమనిషి మరొక ద్వారం గుండా మైదానంలోకి వచ్చేవారు. జాక్ హాబ్స్ అంతటివాడు డబ్బు పుచ్చుకునేవారి ద్వారం నుంచే రావలసి వచ్చింది. ఆ భేదాన్ని వారు 1962లో గాని ఎత్తివేయలేదు.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. సంస్థాన ప్రభువులు కళాపోషకులని, ఆటను వారే బ్రతికించారని పొగడడం మన అలవాటు. బ్రతికించిన మాట నిజమే. కాని ఆ పోషణకు సొమ్ము ఎక్కడిది? మాళవదేశపు రైతు కట్టిన శిస్తు అది. ఆ రైతు జన్మలో క్రికెట్టు చూసి ఉండడు. ఆ శిస్తు కట్టనని అనే స్వాతంత్ర్యమూ అతనికి లేదు. నేటి కోట్లను చూసి గుండెలు బాదుకునేవారు ఆనాటి వెండి బ్యాటును మాత్రమే చూస్తారుగాని, ఆనాటి ఆట ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చూడరు.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్ళింది. నాయకుడు పోర్‌బందరు మహారాజా, ఉపనాయకుడు లింబ్డీ సంస్థానపు ఘనశ్యామసింహ్‌జీ. పోర్‌బందరు ప్రభువుకు పరుగులకంటె రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని ఇంగ్లండులో హాస్యమాడుకున్నారట. కాని ఆ ప్రభువును మేము నిందించము. తన ఆట ఎంతటిదో ఆయనకు తెలుసు. టెస్టు వచ్చేసరికి తాను తప్పుకున్నారు. లింబ్డీవారికి దెబ్బ తగిలి ఆయనా తప్పుకోగా, నాయకత్వం నాయుడుగారికి దక్కింది. రాజవంశంలో పుట్టనివాని కింద ఆడమని కొందరు ఆటగాళ్ళు రాత్రికి రాత్రి పేచీ పెట్టారని, పాటియాలా మహారాజా తంతి పంపి వారిని కూర్చోబెట్టారని ఒక కథ ఉన్నది. మొత్తానికి 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టు వెనుక నడవగా ముందు నడిచిన మనిషి, నాగపూరు తెలుగువాడు.

ఆ ఉదయం మహమ్మద్ నిస్సారు, అమర్‌సింగ్‌ల ధాటికి ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకున్నది. మనవారు చివరికి 158 పరుగులతో ఓడినా, మొదటి ఇన్నింగ్సులో నాయుడుగారు చేతికి దెబ్బ తగిలి కూడా 40 పరుగులు చేశారు. జట్టులో అదే అందరికంటె ఎక్కువ. ఆ వేసవిలో మొత్తం మీద మొదటి తరగతి మాచ్‌లలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. సిక్సర్లు 32 కొట్టారు. విజ్డెన్ వార్షిక గ్రంథంవారు 1933లో ఎన్నుకున్న ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయన ఒకరు. మరుసటి శీతకాలంలో జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు కూడా మూడు టెస్టులకూ నాయకుడు ఆయనే.

ఇప్పుడు మరొక తెలుగువారి ప్రసక్తి తేక తప్పదు. విజయనగరం మహారాజకుమారులు విజయానంద గజపతిరాజుగారు, లోకమంతా విజ్జీ అని పిలిచినవారు. పుట్టుక విజయనగరం, కాపురం కాశీ. ఆయనా మనవంటి ప్రవాసాంధ్రులే, కాకపోతే మహలులో ఉన్న ప్రవాసాంధ్రులు. క్రికెట్టు అంటే ఆయనకు ప్రాణం. 1930-31లో హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను స్వంత ఖర్చు మీద రప్పించి దేశమంతా ఆడించారు. 1932 ప్రయాణానికి ముందు క్రికెట్టు బోర్డుకు రు. 50,000 విరాళమిచ్చారు. ఇంత ప్రేమకూ ఒక చిక్కు వచ్చింది. తానే నాయకుడు కావాలన్న కోరిక. 1936లో ఇంగ్లండు వెళ్ళే జట్టుకు ఆ కోరిక తీరింది. నాయకునిగా మూడు టెస్టులు ఆడి, ఆరు ఇన్నింగ్సులలో మొత్తం 33 పరుగులు చేశారు. ఆ యేటనే సర్ బిరుదు పుచ్చుకున్నారు.

ఆయన కింద నాయుడుగారు సామాన్య సభ్యునిగా ఆడారు. జట్టు రెండు ముఠాలుగా చీలిపోయింది. అప్పటికి జట్టులో బ్రహ్మాండంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను నాయకుడు నడిమధ్యలో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఫలహారాల బల్ల దగ్గర నాయుడుగారిని నలుగురిలో అవమానించినందుకు ప్రతిఫలంగా ఒక బౌలరుకు టెస్టులో చోటు దొరికిందని ఆనాటి నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. చివరి టెస్టు ఓవల్‌లో. ఆలెన్ దొర వేసిన బంతి నాయుడుగారి ఒంటికి బలంగా తగిలింది. ఒక్క క్షణం ఊపిరాడక వంగిపోయి, మళ్ళీ నిలబడి 81 పరుగులు చేశారు. ఆయన ఆడిన చివరి టెస్టు అదే. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. పుస్తకంలో చూస్తే ఇది పెద్ద లెక్క కాదు. మొదటి టెస్టు నాటికే ఆయనకు 36 ఏళ్ళు దాటినవని ఆ పుస్తకం చూసేవారు గమనించాలి.

విజ్జీగారి మీద మాకు ద్వేషం లేదు. ఆయన 1965లో కాలం చేశారు. బ్రతికి ఉండగా ఉత్తరప్రదేశ్ ఆటకు చాలా చేశారు. మేము అడిగేది వేరు. డబ్బు ఆటగాని చేతిలో కాక, ఆట కొనగలవాని చేతిలో ఉంటే ఏమవుతుందో 1936 చూపించింది. ఆ నాయకత్వానికి కూడా వేలం జరిగింది, కాని పాట పాడినవాడే మైదానంలోకి దిగాడు. నేటి వేలంలో పాట పాడే కోటీశ్వరుడు గట్టు మీద కూర్చుంటాడు, ఆడగలవాడు ఆడతాడు. ఎవరెన్ని చెప్పినా ఇది కొంత మెరుగు కాదా?

టెస్టులు పోయినా నాయుడుగారి ఆట పోలేదు. అసలు ఘట్టం అప్పుడే మొదలైందని అనవచ్చును. హోల్కరు జట్టుకు నాయకులై, తమ్ముడు సి. ఎస్. నాయుడుగారు, ముష్తాక్ అలీ మొదలైనవారిని కూడదీసి, రంజీ పోటీలలో బొంబాయిని ఎదిరించగల జట్టును తయారుచేశారు. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో నాలుగుసార్లు ఆ కప్పు ఇండోరుకు వచ్చింది. క్రమశిక్షణ మిలటరీ పద్ధతి. దెబ్బ తగిలినవాడు తగిలిన చోట రుద్దుకోకూడదు. బౌలరుకు నొప్పి తెలియనివ్వకూడదు. 1951-52 చివరి పోటీలో ఫాడ్కర్ బంతి తగిలి ఆయన పళ్ళు ఊడాయి. పిచ్ మీద పడిన పళ్ళను పక్కకు తోసి, జాలిపడి నెమ్మదిగా వేయవద్దని ఫాడ్కర్‌ను హెచ్చరించి, ఆట కొనసాగించారు. అప్పటికి వయస్సు 56. అంతకు ముందు, 1945-46లో, బరోడా మీద 200 పరుగులు చేసినప్పుడు 50. మనలో యాభై దాటినవారికి ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కితేనే ఆయాసం!

ఈ హోల్కరు రోజులకు సంబంధించి డబ్బు కథ ఒకటి ఉన్నది. 1945 మార్చిలో బొంబాయితో చివరి పోటీ. యుద్ధకాలం గనుక ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ సైనికునిగా మౌ కంటోన్మెంటులో ఉండి, హోల్కరు జట్టుకు ఆడుతున్నాడు. వంద దాటిన ప్రతి పరుగుకూ ఇంత సొమ్ము ఇస్తానని ఒక ధనికుడైన వర్తకుడు కాంప్టన్‌కు ఆశపెట్టాడు. కాంప్టన్ కసిగా ఆడి 249 పరుగులు చేసి, అవుటు కాకుండా తిరిగి వచ్చేసరికి, వర్తకుడు అర్జంటు పని మీద కలకత్తా వెళ్ళినట్టు చీటీ పెట్టి మాయమైనాడు. తరువాతి కాలంలో కాంప్టనే ఈ సంగతి చెప్పుకొని నవ్వేవాడు. అదే మాచ్‌లో సి. ఎస్. నాయుడుగారు 917 బంతులు వేశారు. ఒక మాచ్‌లో ఒక మనిషి అన్ని బంతులు వేయడం ప్రపంచంలోనే లేదు. దానికి ఏ వర్తకుడూ మాటవరసకైనా ఏమీ ఇస్తానని అనలేదు. బ్యాటు చూసినవాని కన్ను భుజం చూడదు.

ఇది ఆటలోనే కాదు, లోకంలోను అంతే. మా రైల్వేలో గాంగ్‌మన్ అనేవాడు ఒకడున్నాడు. రాత్రి చలిలో దీపమూ సుత్తీ పట్టుకొని మైళ్ళ కొద్దీ పట్టాలు చూస్తూ నడుస్తాడు. ఒక బోల్టు వదులైన సంగతి అతడు కనిపెట్టకపోతే వెయ్యిమంది ప్రాణాలు పోతాయి. అతని తొలి మూలవేతనం రు. 18,000. సమాజానికి ఎవరు ఎక్కువ అవసరమో దానిని బట్టి జీతాలు ఇవ్వాలంటే, గాంగ్‌మన్ కారులో తిరగాలి, ఆటగాడు నడిచి పోవాలి. కాని అతడు నడుస్తుంటే చూడటానికి ఎవరూ టికెట్టు కొనరు. లోకంలో జీతం, చేసే మేలును బట్టి కాక, చూసే కళ్ళను బట్టి పెరుగుతున్నది. ఇది న్యాయమని మేము ఎన్నటికీ అనలేము. అయితే ఆ కళ్ళు మనవే. సాయంత్రం ఏడున్నరకు టి.వి. ముందు కూర్చున్నది మనమే గదా.

కళ్ళకు వెల కట్టడం నాయుడుగారి కాలంలోనే మొదలైంది. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్కు ప్రకటనలో ఆయన బొమ్మ వేశారు. భారతీయ క్రికెట్టు ఆటగాళ్ళలో ఒక సరుకుకు పేరు అరువిచ్చిన మొదటి మనిషి ఆయనేనంటారు. నేటి కోట్లకు విత్తనం ఆ సీసాలోనే ఉన్నది. ఆ చెట్టు ఎంత పెరిగిందంటే, 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ళకు ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు రు. 48,390 కోట్లకు అమ్ముడైనవి. ఏడాదికి రు. 9,678 కోట్లు. 2025కు జట్టుకు వేలం పద్దు రు. 120 కోట్లు, పది జట్లకు కలిపి రు. 1,200 కోట్లు. ఒక్క ప్రసార హక్కుల రాబడితో పోల్చినా ఆటగాళ్ళందరి వేలం సొమ్మూ ఎనిమిదో వంతు. 27 కోట్లని ఒక్కని మీద వేలు చూపించేవారు ఈ మిగతా ఏడు వంతుల సంగతి అడగడం లేదు. నాయుడుగారి నాటి నుంచీ ఆటను చూపించేవాడు ఆడేవానికంటె ఎక్కువే తింటున్నాడు. నేడు ఆడేవాడు కొంచెం గట్టిగా అడుగుతున్నాడు, అంతే తేడా.

మధ్యకాలం మరచిపోకూడదు. 1983లో మనవారు ప్రపంచకప్పు గెలుచుకు వస్తే, బహుమానం ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బు లేక, లతా మంగేష్కర్ గారు ఢిల్లీలో కచేరీ చేస్తే వచ్చిన రు. 20 లక్షల నుంచి ఆటగానికి లక్ష రూపాయల చొప్పున పంచారు. అప్పటి జట్టుకు అది అన్యాయం కాదా? కాబట్టి ఆటగాళ్ళకు డబ్బు రావడం తప్పని మేము అనము. మా అభ్యంతరం అంతా మెట్ల మీద. పై మెట్టుకు, కింద మెట్టుకు మధ్య మనిషి కాలు అందనంత ఎత్తు పెట్టారు. 2021లో బోర్డు చేసిన నిర్ణయం ప్రకారం, 40 మాచ్‌లకు పైగా ఆడిన అనుభవం గల రంజీ ఆటగానికి రోజుకు రు. 60,000. నాలుగు రోజుల మాచ్‌కు రు. 2,40,000. గుమాస్తా కంటికి ఇది గొప్ప సొమ్మే. కాని సంవత్సరానికి పది మాచ్‌లు దొరకడం గగనం, మోకాలు పోతే ఆదాయమూ పోతుంది. వృద్ధ ఆటగాళ్ళ పింఛను 2022లో పెంచారు. మొదటి తరగతి ఆటగాళ్ళకు నెలకు రు. 15,000 నుంచి రు. 30,000 చేశారు. అదే సంవత్సరం స్త్రీలకు కూడా పురుషులతో సమానంగా మాచ్ వేతనం, టెస్టుకు రు. 15 లక్షలు, ఇవ్వడానికి నిశ్చయించారు. మంచి పనిని మంచిదనే చెప్పాలి.

సంస్థానాలు పోయిన తరువాత ప్రభువుల పని కొంతవరకు మా రైల్వే చేసింది. 1958-59లో రైల్వే జట్టు రంజీ పోటీలోకి వచ్చింది. ఓడ ఎక్కించి పంపబడిన లాలా అమర్‌నాథ్ గారే దానికీ నాయకత్వం వహించారు. నేటికీ ఆటలో రాణించే బీద పిల్లలకు రైల్వే కొలువు ఒక ఊతకర్ర. సికింద్రాబాదు మిథాలీ రాజ్ రైల్వే ఉద్యోగిని. మన తెలుగువారు ఊళ్ళకు ఊళ్ళుగా ఉన్న ఖరగపూరులో 2001 నుంచి టికెట్లు తనిఖీ చేసిన మహేంద్రసింగ్ ధోని సంగతి చెప్పనక్కరలేదు. పక్క కుర్చీలో ఆటల కోటా మనిషి కూర్చుంటే, అతని ఫైళ్ళు కూడా మన మీద పడుతున్నవని కొందరు గొణుగుతారు. మేమూ గొణిగినవారిలో ఉన్నాము. అయినా ఆ పద్ధతి నిలవాలనే మా అభిప్రాయం. ఆట చెల్లినా అన్నం చెల్లకుండా చూసేది అదొక్కటే.

మన కాలనీలలో ఈ మధ్య కనబడుతున్న వింత ఒకటి ఇక్కడే చెప్పాలి. పదవ తరగతి పిల్లవానిని బడి మాన్పించి, నెలనెలా అప్పు చేసి, క్రికెట్టు అకాడమీకి పంపే తండ్రులు బయలుదేరారు. వారి కళ్ళ ముందు 27 కోట్ల అంకె ఆడుతున్నది. అయ్యా, నాయుడుగారి వంటి మనిషి కూడా 50 ఏళ్ళ ఆటలో ఒక కొలువును ఆనుకొనే నిలిచారు. పిల్లవాడు ఆడనీ, కాని పుస్తకం మూయనీయకండి. తండ్రి భవిష్యనిధి తీసి బ్యాటు కొనడం వేలంపాట కాదు, జూదం.

1948లో ఇండోరు సంస్థానం మధ్యభారత్‌లో కలిసిపోయింది. హోల్కరు జట్టు మరికొన్నేళ్ళు ఆ పేరుతోనే ఆడి, 1954-55తో ముగిసింది. 1956లో ప్రభుత్వం నాయుడుగారికి పద్మభూషణ్ ఇచ్చింది. క్రికెట్టు ఆటగాళ్ళలో ఆ గౌరవం మొదట అందుకున్నది ఆయనే. ఆ బిరుదు పెట్టుకొని ఇంట్లో కూర్చున్నారా అంటే, 1956-57లో, 61వ యేట, ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకులై రంజీ ఆడారు. అక్కడ క్రికెట్టు సంఘం విజ్జీగారి చేతి మీద నడిచేది. ఇరవై యేళ్ళ కిందటి పగ వారిద్దరికీ గుర్తులేదో, గుర్తుంచుకోదలచలేదో! ఆ సంవత్సరం రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు, వినూ మన్కడ్ బంతులను సిక్సర్లు కొట్టారు. ఆఖరుసారి 1963-64లో ఒక ధర్మకార్యం కోసం పెట్టిన మాచ్‌లో ఆడినప్పుడు 68 ఏళ్ళు. దాదాపు అర్ధ శతాబ్దం. 207 మొదటి తరగతి మాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు.

మధ్యలో ఎంపిక సంఘానికి అధ్యక్షత వహించారు, బోర్డుకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆయన కుమార్తె చంద్రా నాయుడుగారు మన దేశంలో క్రికెట్టు వ్యాఖ్యానం చెప్పిన మొదటి మహిళ. తండ్రి జీవితాన్ని గ్రంథంగా వ్రాశారు. ఆమె 2021లో దివంగతులైనారు.

కర్నల్ నాయుడుగారు 1967 నవంబరు 14న ఇండోరులో తనువు చాలించారు. క్రికెట్టు బోర్డు 1994లో ఆయన పేరిట జీవితసాఫల్య పురస్కారం నెలకొల్పింది. మొదటి పురస్కారం లాలా అమర్‌నాథ్ గారికి దక్కింది. కొన్నేళ్ళుగా దానితో ఇస్తున్న సొమ్ము రు. 25 లక్షలు. అంత మొత్తం నాయుడుగారు ఏనాడూ ఒక్కసారిగా చూసి ఉండరు. కుర్రవారి కోసం కర్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ 1973-74 నుంచి జరుగుతున్నది. 23 ఏళ్ళలోపువారు ఆడతారు, 2021 నిర్ణయం ప్రకారం వారికి రోజుకు రు. 25,000. విదర్భ జట్టు వంతు వచ్చినప్పుడు ఆ మాచ్‌లు మన నాగపూరులోనే జరుగుతాయి. చూడటానికి వచ్చే జనం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆటగాళ్ళ తండ్రులు, ఒకరిద్దరు పించనుదారులు, ఒక టీ కుర్రవాడు, ఆదివారం డ్యూటీ లేకపోతే మేము.